వయసు మీరిన విద్యార్థిని: అండమానులో ఒక అనుభవం

అండమాన్‌కు బదిలీ అని తెలియగానే మన సంస్థలో చాలామంది ముఖాలు వాడిపోవడం మేము చూశాము. కాలాపానీ అన్న పాతమాట ఇంకా మనస్సులలోనుంచి పోలేదు. తీరా అక్కడికి వెళ్ళి నాలుగు నెలలు గడిచిన తరువాత, తిరిగి రావడానికి ఇష్టపడని వారిని కూడా చూశాము. ఊరు పరిశుభ్రంగా ఉంటుంది, దొంగతనాలు తక్కువ, జనం మంచివారు. తెలుగువారికి మాటకు కరవు లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ ద్వీపాలలోని 3,80,000 మందిలో సుమారు యాభై వేలమంది మాతృభాష తెలుగు. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 సెప్టెంబరు నుండి శ్రీ విజయపురం అని పేరు మారిన ఆ పట్టణంలో, జంగ్లీఘాట్ వైపు వెళితే శ్రీకాకుళం యాస చెవిన పడకుండా పది అడుగులు వేయలేము.

అక్కడ కొరత ఒక్కటే, దూరం. చెన్నైకి 1190 కిలోమీటర్లు, విశాఖపట్నానికి ఇంచుమించు అంతే. ఓడ హడ్డో రేవు విడిచిన తరువాత రెండున్నర నుండి మూడు రోజులు నీరు తప్ప మరొకటి కనపడదు. ఉత్తరాన ల్యాండ్‌ఫాల్ ద్వీపం మొదలు దక్షిణాన ఇందిరా పాయింట్ వరకు ఏడు వందల కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ ద్వీపమాలికలో, ఒక ద్వీపంలోని రోగి మరొక ద్వీపంలోని ఆస్పత్రికి చేరడమే ఒక ప్రయాణం. జ్వరానికీ, కాన్పుకూ, విరిగిన ఎముకకూ అక్కడే వైద్యం ఉన్నది. గోవింద వల్లభ పంత్ పేరిట ఉన్న ప్రభుత్వ ఆస్పత్రి పెద్దది. 2015 నుండి దానికి అనుబంధంగా వైద్య కళాశాల కూడా నడుస్తున్నది. అయితే మేము మొదటిసారి అక్కడ పనిచేసిన రోజులలో, క్యాన్సరుకు రేడియేషన్ చికిత్స కావలసిన వారు మెయిన్‌లాండ్‌కు పోవలసిందే. అక్కడివారు మన భూభాగాన్నంతా కలిపి ఆ ఒక్క మాటతోనే పిలుస్తారు.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, ఈ వ్యాసంలో చెప్పబోయే కథలో ఆ దూరానికి మేము మరొక నెలన్నర దూరాన్ని కలిపాము.

అది 2011 జనవరి. అండమానులో వానలు లేని ఆ రెండు మూడు నెలలలోనే డీజిలు జనరేటర్ల ఓవర్‌హాలింగ్ పూర్తి చేసుకోవాలి. మా విభాగంలోని ఒక టెక్నీషియను, శ్రీకాకుళం జిల్లావాడు, పనిమంతుడు, సెలవు దరఖాస్తు పట్టుకుని వచ్చాడు. "ఇంట్లో ఆవిడకు ఒంట్లో బాగుండటం లేదు సార్, మెయిన్‌లాండ్ తీసుకెళ్ళి చూపించాలి" అన్నాడు. ఏమి బాగుండలేదని మేము అడిగాము. అతడు తల వంచుకుని, "ఆడవాళ్ళ జబ్బు సార్" అన్నాడు. దానితో సంభాషణ ముగిసింది. అడగవలసిన ప్రశ్న మేము అడగలేదు, చెప్పవలసిన మాట అతడు చెప్పలేదు. మూడో నంబరు మిషన్ విప్పి ఉన్నది, క్రాంక్ షాఫ్టు బయట ఉన్నది. "ఓవర్‌హాలింగ్ కానివ్వు, తరువాత నెల రోజులు ఇస్తాను" అని చెప్పి దరఖాస్తు వెనక్కి పంపాము. సంతకం మాదే.

ఆమె తన ఎడమ రొమ్ములో గడ్డ ఉన్నదని గుర్తించినది అంతకు ముందటి దసరాకు. నొప్పి లేదు కనుక ఎవరికీ చెప్పలేదు. పిల్లల పరీక్షలు, ఓడ టికెట్లు, డబ్బు, అన్నింటికీ మించి సిగ్గు. భర్తకు చెప్పినది సంక్రాంతి ముందు. మార్చిలో వారు చెన్నై చేరేసరికి ఆ గడ్డ నాలుగు సెంటీమీటర్లు దాటింది, చంకలోని గ్రంథులకు కూడా పాకింది. ఆమె వయస్సు అప్పటికి ముప్పై తొమ్మిది.

ఆ నెలన్నరలో ఏమి మారి ఉండేదో వైద్యులు లెక్కగట్టి చెప్పలేరు. మేము అడిగితే, "ఏమీ మారి ఉండకపోవచ్చు కూడా" అని ఒక డాక్టరు గారు మమ్మల్ని ఊరడించారు. ఆ ఊరడింపు మాకు ఎక్కలేదు.

మన వృత్తిలో వెల్డింగు జాయింటును పగలగొట్టకుండా పరీక్షించే విద్య ఒకటి ఉన్నది. అల్ట్రాసోనిక్ పరికరం ఉంటే సరే, లేకపోతే అనుభవం గల ఫోర్‌మన్ సుత్తితో తట్టి, చెవి పెట్టి విని, చేత్తో తడిమి చెప్పేవాడు. పరికరం వచ్చిన తరువాత ఆ చేతిని చులకనగా చూడటం మనకు అలవాటైంది. రొమ్ము క్యాన్సరు విషయంలో ఆ చేయి ఎంతవరకు పనికివస్తుందన్న ప్రశ్నకు సమాధానం మన దేశంలోనే దొరికింది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆస్పత్రికి చెందిన డాక్టర్ ఇంద్రనీల్ మిత్ర, ఆయన సహచరులు 1998లో ముంబయి మురికివాడలలో ఒక పెద్ద ప్రయోగం ప్రారంభించారు. 35 నుండి 64 ఏళ్ళ మధ్య వయస్సు గల 1,51,538 మంది స్త్రీలు అందులో ఉన్నారు. సగం పేటలలో, శిక్షణ పొందిన ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్ళకు ఒకసారి చొప్పున నాలుగు విడతలు చేత్తో పరీక్షించి, వ్యాధి గురించి చెప్పారు. ఆ కార్యకర్తలు వైద్యులు కారు. మిగిలిన సగం పేటలలో వ్యాధి గురించి బోధన మాత్రమే జరిగింది. ఇరవై ఏళ్ళు వేచి చూసి ఫలితాలను 2021లో ప్రకటించారు. పరీక్ష జరిగిన పేటలలో ముదిరిన దశలో బయటపడిన కేసులు 37 శాతం, జరగని పేటలలో 47 శాతం. యాభై ఏళ్ళు దాటిన స్త్రీలలో ఈ వ్యాధి వల్ల మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకన్నా చిన్నవారిలో మరణాల తగ్గుదల కనపడలేదని కూడా వారు దాచకుండా రాశారు. కొలిచినది కొలిచినట్లు చెప్పడం మనకు నచ్చే పద్ధతి.

మామోగ్రామ్ యంత్రం లేని ద్వీపానికి ఈ ఫలితం ఎంత విలువైనదో వేరే చెప్పనక్కరలేదు. యంత్రాన్ని ఓడలో తేవచ్చు, కాని దానిని నడిపేవారు, బాగుచేసేవారు, చిత్రం చూసి చెప్పేవారు కూడా రావాలి. చేతులైతే అక్కడే ఉన్నవి. 2016లో కేంద్ర ప్రభుత్వం 30 నుండి 65 ఏళ్ళ స్త్రీలకు అయిదేళ్ళకు ఒకసారి ఆరోగ్య కార్యకర్తల చేత ఈ పరీక్ష చేయించాలని మార్గదర్శకాలు ఇచ్చింది. మన దేశంలో 2022లో ఈ వ్యాధి సుమారు 1,92,000 మందికి కొత్తగా వచ్చిందని, 98,000 మందిని బలిగొన్నదని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ అంచనా.

మళ్ళీ చెన్నైకి వద్దాము. క్యాన్సరు అనగానే ద్వీపవాసులకు చెన్నై గుర్తుకు రావడానికి కారణం ఓడ మార్గం ఒక్కటే కాదు. సోదరిని ఈ వ్యాధికి బలి ఇచ్చిన డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పట్టుపట్టి 1954లో అడయారులో పన్నెండు పడకలతో క్యాన్సరు ఆస్పత్రిని తెరిపించారు. మరుసటి ఏడాది అందులో చేరిన డాక్టర్ వి. శాంత 2021లో కన్నుమూసేవరకు దానినే అంటిపెట్టుకుని ఉన్నారు. ఇక మన తెలుగునాట, హైదరాబాదులో డాక్టర్ పి. రఘురామ్ 2007లో తన తల్లి ఉషాలక్ష్మి పేరిట రొమ్ము క్యాన్సరు ఫౌండేషన్ స్థాపించారు. ఆమె స్వయంగా స్త్రీల వైద్యురాలు, ఆ వ్యాధికి గురై కోలుకున్నవారు. ఒక వైద్యురాలు తన పేరును ఆ వ్యాధి పేరు పక్కన రాయనివ్వడం మన సమాజంలో చిన్న విషయం కాదు. మా టెక్నీషియను "ఆడవాళ్ళ జబ్బు" అని తల వంచుకున్న దేశం కదా ఇది.

ఆమెకు శస్త్రచికిత్సలో రొమ్మునూ, చంకలోని గ్రంథులనూ తొలగించారు. పందొమ్మిదవ శతాబ్ది చివర హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జను రొమ్ముతోపాటు ఛాతీ కండరాలను కూడా తొలగించే పద్ధతిని స్థిరపరిచాడు. ముప్పావు శతాబ్దం పాటు అదే వేదమైంది. గడ్డను మాత్రం తీసి రేడియేషన్ ఇచ్చినా స్త్రీ అంతకాలమే బతుకుతుందని బెర్నార్డ్ ఫిషర్ అమెరికాలోనూ, ఉంబెర్తో వెరోనేసి ఇటలీలోనూ ప్రయోగపూర్వకంగా నిరూపించారు. ఇద్దరి ఇరవై ఏళ్ళ ఫలితాలూ 2002లో వెలువడ్డాయి. గడ్డ చిన్నగా ఉన్నప్పుడు వస్తే ఆ అవకాశం సులువుగా దొరుకుతుంది. ఈమె విషయంలో ఆలస్యమైంది.

తరువాత మూడు వారాలకు ఒకటి చొప్పున ఆరు కీమోలు. ఆ తరువాత రేడియేషన్. మన పల్లెలలో దానిని "కరెంటు పెట్టించడం" అంటారు. కరెంటు పనిచేసే మాకు ఆ మాట మొదట నవ్వు తెప్పించింది, తరువాత ఆలోచింపజేసింది. ఆ యంత్రంలో ఎలక్ట్రానులను పరుగెత్తించేది విద్యుత్తే కనుక, పల్లెవారి మాట పూర్తిగా తప్పు కాదు. ఆమెకు ఇచ్చినది రోజుకు ఒకటి చొప్పున ఇరవై అయిదు విడతలు, అంటే అయిదు వారాలు. ఒక్కొక్క విడత కొన్ని నిమిషాలు, మిగిలిన రోజంతా అద్దెగదిలో గోడ చూస్తూ కూర్చోవడం. దూరదేశపు రోగికి చికిత్సకన్నా నిరీక్షణే ఖరీదు. ఈ లెక్క తరువాతి కాలంలో మారింది. ఇంగ్లండులో జరిగిన ప్రయోగాలు ముందు పదిహేను విడతలు చాలునని, 2020లో వెలువడిన ఫలితాలు చాలామందికి అయిదు విడతలే చాలునని చూపాయి. మొత్తం మోతాదు 50 గ్రేల నుండి 40కి, అక్కడి నుండి 26కు దిగింది. ఒక్కొక్క విడత మోతాదు పెరిగితే మొత్తం ఎందుకు తగ్గించవచ్చునో జీవకణాల లెక్క వేరే ఉన్నది, దానిలోకి పోము. అయిదు వారాల అద్దె ఒక వారానికి తగ్గడం ద్వీపవాసికి ఏమిటో మాత్రం మన అందరికీ తెలుస్తుంది.

2011 నవంబరులో ఆమె ఓడలో తిరిగి వచ్చింది. బంక్ క్లాసులో మూడు రాత్రులు. తలమీద జుట్టు అప్పుడే మొలుస్తున్నది. పలకరించడానికి మేము, మా శ్రీమతి వారి క్వార్టరుకు వెళ్ళాము. ఏమి మాట్లాడాలో తెలియక మేము ఓడ ప్రయాణం గురించి అడిగాము. ఆమె దానికి జవాబు చెప్పి, మా శ్రీమతి వైపు తిరిగి, "వదినగారూ, మందు ఎక్కించేటప్పుడు నరం దొరకక నాలుగుసార్లు పొడిచేవారు. ఒక్క నర్సమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని, వేడినీళ్ళ గుడ్డ కట్టి, ఒక్కసారే పెట్టేది. ఆ పని నాకూ వచ్చు వదినా, నేను నేర్చుకున్నాను ఒకప్పుడు" అన్నది.

అప్పుడు తెలిసింది. పదో తరగతి అయిన తరువాత ఆమె పద్దెనిమిది నెలల ఏఎన్‌ఎం శిక్షణ పొంది, కౌన్సిలులో పేరు నమోదు చేయించుకున్నది. ఉద్యోగంలో చేరకముందే పెళ్ళి, తరువాత ఓడ, తరువాత పిల్లలు. ఆ సర్టిఫికెట్టు ఇరవై ఏళ్ళుగా ట్రంకుపెట్టెలో, పట్టుచీరల కింద ఉన్నది. ద్వీపాల తేమకు అంచులు పసుపు పచ్చబడ్డాయి.

ఆ ఏడాదే జనవరిలో, మేము సెలవు దరఖాస్తు వెనక్కి పంపిన ఆ నెలలోనే, అండమానుకు చెందిన ఒక ఏఎన్‌ఎంకు పద్మశ్రీ ప్రకటించారు. ఆమె శాంతి తెరీసా లక్రా. మధ్య అండమానులోని రంగత్‌లో పుట్టారు. ఛోటానాగపూర్ నుండి అడవి పనులకు వచ్చి స్థిరపడి, అక్కడివారు "రాంచీలు" అని పిలిచే ఒరావ్ సమాజం వారిది. 2001లో ఆమెను లిటిల్ అండమాన్‌లోని డుగాంగ్ క్రీక్‌కు పంపారు. సుమారు వందమంది మాత్రమే మిగిలిన ఓంగీ ఆదివాసులు అక్కడ ఉంటారు. వారి మాట నేర్చుకుని, వారితో తిని, వారి నమ్మకం సంపాదించడానికి ఆమెకు ఏళ్ళు పట్టింది. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఓంగీలు సముద్రం వెనక్కి పోవడం చూసి ఎత్తైన అడవిలోకి వెళ్ళి ప్రాణాలు దక్కించుకున్నారు. ఆమె కూడా వారితోపాటు అడవిలో గుడారంలో ఉండి సేవ చేశారు. 2010లో జాతీయ ఫ్లోరెన్స్ నైటింగేల్ పురస్కారం, 2011లో పద్మశ్రీ. పద్మ పురస్కారాల జాబితాలో పెద్ద పెద్ద సర్జనుల పేర్ల మధ్య ఒక ఏఎన్‌ఎం పేరు ఉండటం మన దేశంలో అరుదు. స్థానిక పత్రికలో వచ్చిన ఆ ఫోటోను కత్తిరించి మా టెక్నీషియను భార్య ఇంట్లో క్యాలెండరు పక్కన అంటించింది. "ఈమెదీ నాదీ ఒకటే చదువు" అని పిల్లలకు చూపించేదట.

జీఎన్‌ఎం చదవాలని ఆమె నిశ్చయించుకున్నది 2013లో. అప్పటికి నలభై ఒక ఏళ్ళు. అప్పట్లో అది మూడున్నరేళ్ళ చదువు. భర్త మా దగ్గరకు వచ్చి, "పిచ్చి పట్టిందేమో సార్, మీరైనా చెప్పండి" అన్నాడు. మాకూ అదే అనిపించింది, దాచడం ఎందుకు? పైగా నిబంధన ఉన్నది. భారత నర్సింగ్ కౌన్సిలు ప్రకారం ఆ కోర్సులో చేరడానికి గరిష్ఠ వయస్సు ముప్పై అయిదు. ఆమె మెయిన్‌లాండ్‌లో ఒక నర్సింగ్ పాఠశాలకు రాస్తే, వయసు మీరినందున తీసుకొనడానికి వీలులేదని రెండు వాక్యాలలో జవాబు వచ్చింది.

వయస్సు దాటిన స్త్రీకి చదువు అనే విషయంలో మన తెలుగువారికి ఒక పూర్వ చరిత్ర ఉన్నది. రాజమహేంద్రవరంలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్, 1953లో ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలు. బాల్యవివాహం నుండి బయటపడి, జైళ్ళకు వెళ్ళి, తోటివారి కన్నా ఆలస్యంగా మెట్రిక్ నుండి న్యాయశాస్త్రం దాకా చదువుకున్న వ్యక్తి. గ్రామాలకు నర్సులు, ఉపాధ్యాయినులు, గ్రామసేవికలు కావాలి. అంత చదువుకున్న స్త్రీలు లేరు. ఉన్నవారు వితంతువులు, భర్త వదిలివేసినవారు, సగంలో బడి మానినవారు. ఈ రెండు సమస్యలనూ కలిపి ఒకే పరిష్కారం ఆలోచించి, బోర్డు ద్వారా 1958లో వయోజన స్త్రీలకు సంక్షిప్త విద్యాకోర్సులు ప్రారంభింపజేశారు. బడిలో ఏళ్ళు పట్టే పాఠాలను రెండేళ్ళలో కుదించి పరీక్షకు పంపేవారు. ఆంధ్ర మహిళాసభలో ఆమె అంతకు ముందే చేసి చూసిన పనే అది. ఇంజనీరుగా చూస్తే ఇది మంచి డిజైను: వృథాగా పోతున్న దానిని కొరతగా ఉన్న చోటికి మళ్ళించడం. ఆ తరువాతి రోజులలో ఇటువంటి తలుపులు ఎందుకు సన్నగిల్లాయో మాకు అర్థం కాదు.

టెండరు పత్రాలు చదివి చదివి మనకు ఒక అలవాటు ఉంటుంది. మొదటి పేజీలో కాదన్నది చివరి పేజీలో, చిన్న అక్షరాలలో అవునంటుందేమోనని చూస్తాము. కౌన్సిలు నిబంధనలు తెప్పించి ఒక ఆదివారం కూర్చుని చదివాము. ముప్పై అయిదు అన్న వాక్యం కింద మరొక వాక్యం ఉన్నది: ఏఎన్‌ఎంలకు వయోపరిమితి లేదు. ట్రంకుపెట్టెలోని ఆ పసుపు కాగితం ఇరవై రెండేళ్ళ తరువాత మొదటిసారి పనికివచ్చింది. మేము ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి, ప్రతి తీసి ఇచ్చాము. నెలన్నర అప్పులో అది ఒక వాయిదా అనుకున్నాము.

వయస్సు గండం గడిచిన తరువాత ఆరోగ్య ధ్రువపత్రం గండం వచ్చింది. చంక గ్రంథులు తీసిన చేతికి లింఫు ద్రవం నిలిచి వాపు రావచ్చు. ఆ చేత్తో బరువులెత్తకూడదు, బిందె పట్టకూడదు, పిల్లను ఎత్తుకోకూడదు అని అప్పటివరకూ అందరూ చెబుతూ వచ్చారు. నర్సు పనిలో సగం ఎత్తడమే కదా: రోగిని పక్కకు తిప్పాలి, స్ట్రెచరు మీదికి మార్చాలి, ఆక్సిజన్ సిలిండరు జరపాలి. పాఠశాలవారు సందేహించడంలో అన్యాయం లేదు. అయితే ఆ పాత హితవు అప్పటికే వీగిపోయింది. 1996లో కెనడాలోని వాంకూవరులో డాన్ మెకెంజీ అనే క్రీడావైద్యుడు, ఈ వ్యాధి నుండి కోలుకున్న ఇరవై నాలుగు మంది స్త్రీలను పొడవాటి డ్రాగన్ పడవ ఎక్కించి తెడ్లు వేయించాడు. చేతులు వాచిపోతాయని అందరూ భయపడ్డారు. ఒక్కరికీ వాపు రాలేదు. 2009లో అమెరికాలో క్యాథరిన్ ష్మిట్జ్ బృందం, అప్పటికే చేయి వాచిన 141 మంది స్త్రీలతో పద్ధతి ప్రకారం ప్రయోగం చేసింది. వారానికి రెండుసార్లు కొద్ది కొద్దిగా పెంచుతూ బరువులెత్తినవారికి వాపు పెరగకపోగా, అది విజృంభించిన సందర్భాలే తగ్గాయి. మనకు ఇది కొత్త సంగతి కాదు. కొత్త మిషన్ మీద ఒకేసారి పూర్తి లోడు పెట్టము, అలాగని లోడు లేకుండా ఎల్లకాలం ఉంచము.

చెన్నైలోని డాక్టరు గారు మొదట అరకిలో, తరువాత కిలో, ఇలా క్రమం రాసి ఇచ్చారు. ద్వీపాలలో డంబెల్స్ ఎవరు కొంటారు? ఆమె కొబ్బరికాయలతో ప్రారంభించింది. సంచిలో ఒకటి, పదిహేను రోజులకు రెండు. భర్త వర్క్‌షాపు తక్కెడ మీద వాటిని తూచి, నోటు పుస్తకంలో లాగ్‌షీటు రాసినట్లు తేదీ, బరువు, ముంజేతి చుట్టుకొలత రాసేవాడు. పిచ్చి అన్నవాడే ఆ పుస్తకం పెట్టాడు. ఎనిమిది నెలలలో చుట్టుకొలత అర సెంటీమీటరు కూడా మారలేదు. ఆ పుస్తకం చూసి వైద్యాధికారి ధ్రువపత్రం మీద సంతకం చేశారు. 2014లో ఆమె శ్రీకాకుళంలో పుట్టింటికి దగ్గరగా ఉన్న ఒక పాఠశాలలో చేరింది.

ఆ మూడున్నరేళ్ళ గురించి మాకు తెలిసినది ఆమె చెప్పినంతవరకే. హాస్టలులో తోటివారు పద్దెనిమిదేళ్ళ పిల్లలు. కొందరు అక్క అన్నారు, కొందరు పిన్ని అన్నారు. ఇంగ్లీషు పాఠాలు రాత్రిళ్ళు రెండు గంటల దాకా బట్టీ పట్టింది. మొదటి ఏడాది ఒక పేపరు తప్పింది. రెండు సెలవులకు ఓడ దొరకక ఇంటికి రాలేదు. ఇక్కడ భర్త వంట నేర్చుకున్నాడు. అతడు చేసిన చేపల పులుసు తిన్న షిఫ్టువారు అతడిని రెండు రోజులు వదలలేదు. పరీక్షలకు ముందు ఒకసారి ఛాతీలో నొప్పి వచ్చి, వ్యాధి తిరగబెట్టిందేమోనని స్కాన్ చేయించారు. ఏమీ లేదు, కండరాల పట్టు. ఆ రిపోర్టు వచ్చేవరకు గడిచిన నాలుగు రోజుల గురించి అడిగితే మాత్రం ఆమె చెప్పలేదు. రోజుకొక టామోక్సిఫెన్ మాత్ర అంతటా ఆమెతోనే ఉన్నది. మొదట అయిదేళ్ళు అన్నారు. పదేళ్ళు వాడితే మేలని తేల్చిన ప్రయోగం 2012లో వచ్చిన తరువాత పదికి పొడిగించారు.

2018లో, నలభై ఆరో ఏట, ఆమె రిజిస్టర్డు నర్సు అయింది. ప్రభుత్వోద్యోగానికి వయస్సు లేదు. ఆ నిబంధన కింద చిన్న అక్షరాలలో మాకు ఏమీ దొరకలేదు. పోర్ట్ బ్లెయిర్‌కు తిరిగి వచ్చి ఒక చిన్న ప్రైవేటు ఆస్పత్రిలో చేరింది. జీతం తక్కువ, రాత్రి డ్యూటీలు ఎక్కువ. నరం దొరకని రోగి ఉంటే మాత్రం ఏ షిఫ్టులో ఉన్నా ఆమెకే కబురు వస్తుందని అక్కడివారు చెప్పారు.

మరుసటి ఏడాది, 2019లో, రెండవసారి అండమాన్‌లో ఉన్న మేము మా కాలనీ డిస్పెన్సరీలో మహిళలకు ఒక పరీక్షా శిబిరం ఏర్పాటు చేశాము. డాక్టరమ్మ గారితోపాటు ఆమె వచ్చింది. మొదటి గంటలో ఎవరూ రాలేదు. బయట వరండాలో బెంచీలు ఖాళీగా ఉన్నాయి, టీ చల్లారిపోతున్నది. అప్పుడు ఆమె బయటికి వచ్చి, వేపచెట్టు కింద నిలబడి దూరంనుంచి చూస్తున్న నలుగురైదుగురు ఆడవాళ్ళ దగ్గరకు వెళ్ళింది. ఏమి చెప్పిందో మాకు వినపడలేదు. మగవాళ్ళం దూరంగా ఉండాలని ముందే చెప్పింది. కొంగు సర్దుకుని ఎడమ చేయి పైకెత్తి చూపించడం కనపడింది. వాళ్ళు నవ్వారు. తరువాత ఒక్కొక్కరుగా లోపలికి వెళ్ళారు. మా శ్రీమతి పదకొండో మనిషి.

సాయంత్రానికి నలభై ముగ్గురిని పరీక్షించారు. ఇద్దరిని మామోగ్రామ్‌కు పంపాలని రాశారు. మర్నాడు ఉదయం ఆ ఇద్దరి భర్తలూ మా గదిలోకి వచ్చి సెలవు దరఖాస్తులు ఇచ్చారు. ఒకతను షట్‌డౌన్ ముగ్గిన తరువాతైనా ఫరవాలేదన్నాడు. రెండు కాగితాల మీదా నిలబడే సంతకం చేసి, ఓడ టికెట్ల కోసం హడ్డోకు మనిషిని పంపాము.